నీళ్ళ బరువు

కారవాన్‌ని కొండ ఎక్కించాలన్న కబురు వచ్చినప్పటి నుంచి డ్రైవరుకి కాలు ఒకచోట నిలవలేదు. అంతకుముందు దాన్ని లాగిన పెద్ద లారీ వేరే సినిమా కంపెనీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు చేతిలో ఉన్నది పికప్ బండి. బండి మంచిదే, ఇంజనులో సత్తా ఉంది. కాని ఇంతకాలం లైటు స్టాండ్లూ వైరు చుట్టలూ మోసిందే తప్ప, ఒక గదిని వెనక తగిలించుకుని నడిచిన అలవాటు దానికి లేదు. గది అంటే నిజంగా గదే. చక్రాల మీద నిలబెట్టిన ఇనప గది. లోపల మెత్తటి సోఫా, చుట్టూ బల్బులున్న అద్దం, ఏసీ, చివర తెల్లటి పలకలు పరిచిన బాత్రూం. షాటుకీ షాటుకీ మధ్య హీరోయిన్ కాసేపు నడుం వాల్చడానికి.

"పికప్‌తో లాగగలవా?" అని మేనేజరు అడగ్గానే "లాగుతా సార్" అనేశాడు. ఇంటికొచ్చి భార్యకి ఆ సంగతి చెప్పి, "అనేశాను గాని..." అంటూ బుర్ర గోక్కున్నాడు.

ఆమెకీ ఆ యూనిట్‌లోనే పని. నటుల బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం, చిరిగినచోట కుట్టడం. చిన్నా పెద్దా అందరూ ఇస్త్రీ అక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా గుర్తుందో లేదో.

"అన్నాక ఇంకేముంది, చెయ్యి. నేనూ ఉంటాలే పక్కన" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షెడ్డుకి వెళ్ళారు. అతను గోనెపట్టా పరుచుకుని బండి కిందకి దూరాడు. కాసేపటికి కిందనుంచే తిట్లు మొదలయ్యాయి. వెనక ఉన్న హుక్కుని ఎవడో బంపరుకి బిగించి చేతులు దులుపుకున్నాడు.

"దీనికి కడితే మొదటి మలుపులోనే బంపరూ కారవానూ కలిసి లేచిపోతాయి. మనం ముందుకి, అవి లోయలోకి."

పక్క షెడ్డులోని వెల్డరు బాబాయిని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ పాత హుక్కుని పీకేసి, ఛాసిస్ దూలాలు రెంటికీ కలిపి మందపాటి ఇనప పట్టీ అడ్డంగా బిగించారు. పట్టీ మధ్యలో గుండు. ఆ గుండు మీదే కారవాన్ ముందు కొసనున్న నోరు కూర్చోవాలి. ఆమె పక్కన చతికిలబడి అడిగిన పానా అందిస్తోంది. సూదుల నంబర్లు తెలిసినట్టే ఆమెకి పానాల నంబర్లూ తెలుసు. బోల్టు చివరి చుట్టు దగ్గర మొగుడు పళ్ళు బిగబట్టి లాగుతుంటే, తనకి తెలియకుండానే తనూ పళ్ళు బిగబట్టేది.

"ఏమ్మా, నీకెప్పుడైనా ఇంత శ్రద్ధగా ఏ నగైనా చేయించాడా మీవాడు?" అన్నాడు వెల్డరు.

"చేయించకేం బాబాయ్. ఇదిగో" అని గ్రీజు కొట్టుకుపోయిన ముంజేతులు చూపించింది. కింద పడుకున్న మొగుడు కూడా పకపకా నవ్వాడు.

మధ్యాహ్నానికి వెనక కమాను కట్టలు విప్పారు. బరువు పడితే బండి వెనక్కి కూలబడి, ముందు చక్రాలు తేలిపోతాయట. అప్పుడు స్టీరింగు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. అందుకని రెండు వైపులా ఒక్కొక్క పట్టీ అదనంగా వేసి కట్ట మళ్ళీ బిగించారు. అరిగిన టైర్లు తీసేసి గట్టివి వేశారు. గాలి కొట్టించి, గేజి పెట్టి చూసి, మళ్ళీ చూశాడు. రేడియేటరు కడిగి కొత్త నీళ్ళు పోశాడు. కొండ దారిలో ఇంజను కాగిపోతే పోయడానికి డబ్బాతో నీళ్ళు నింపి సీటు వెనక పెట్టాడు. పక్క అద్దాలకి చేతులు పొడిగించాడు, కారవాన్ వీపు దాటి వెనక రోడ్డు కనపడేలా.

"లాగడానికేముంది, ఏదో ఒకలా లాగేస్తుంది. ఆగడమే అసలు పని" అన్నాడు భార్యతో. కారవాన్ చక్రాలకి విడిగా బ్రేకులున్నాయి. పికప్ పెడలు తొక్కితే అవీ పట్టుకునేలా వైరు కలిపాడు. ఆమెని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను ఒక్కో చక్రం దగ్గర చెవి ఆనించి, "తొక్కు... వదులు... మళ్ళీ తొక్కు" అంటూ చుట్టూ తిరిగాడు. ఎడమ వెనక చక్రం పట్టడం లేదు. విప్పి, గుడ్డతో తుడిచి, తుప్పు గీకి, మళ్ళీ బిగించి, మళ్ళీ తొక్కించాడు. చివరికి నాలుగూ ఒక్కసారే పట్టుకున్నప్పుడు అతని మొహం చూడాలి, పసిపిల్లాడి మొహంలా ఉంది. ఆమెకి ముచ్చటేసింది. ఈ మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదా అనుకుంది.

కారవాన్ నోటి దగ్గర సన్నటి ఇనప తీగ ఒకటి వేలాడుతుంటే చూపించాడు. "ఖర్మకాలి కారవాన్ ఊడిపోయిందనుకో, ఈ తీగ లాక్కుని దాని బ్రేకులు అవే పడిపోతాయి. నేను చచ్చినా అది మాత్రం బతుకుతుంది."

"బాగుంది సంబడం" అంది ఆమె.

రెండోరోజు తగిలించారు. ఆమె వెనక నిలబడి చేతులు ఊపింది. "రా... రా... కొంచెం ఎడమకి... ఇంకొంచెం... చాలు, ఆపు!" గుండు సరిగ్గా నోటి కిందకి వచ్చింది. అతను దిగి జాకీ తిప్పుతుంటే నోరు మెల్లగా దిగి గుండు మీద టక్కుమని కూర్చుంది. పిన్ను దూర్చి, గొలుసులు రెండూ అడుగున ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి కట్టాడు. లైట్ల ప్లగ్గు గుచ్చి, వెనక్కెళ్ళి చూడమన్నాడు. ఎడమ దీపం, కుడి దీపం, బ్రేకు దీపం, అన్నీ వెలిగాయి.

తర్వాత నీళ్ళు. కొండమీద చుక్క నీరు దొరకదు. హీరోయిన్ స్నానం చేసినా చేయవచ్చని మేనేజరు చెప్పాడు. కారవాన్ తోక దగ్గరున్న ట్యాంకుకి గొట్టం పెట్టి నిండా నింపాడు. నింపి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పేసరికి కారవాన్ తోక ఇటూ అటూ ఊపడం మొదలెట్టింది. కూడా వెళ్ళిన ఆమె పక్క అద్దంలో ఆ ఊపు చూసి సీటు అంచు పట్టుకుంది. అతను బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి, బండిని దానంతట అదే నెమ్మదించనిచ్చి, షెడ్డుకి తెచ్చాడు.

"నీళ్ళ బరువంతా వెనక పడింది. ముందు నోటిమీద బరువు చాలట్లేదు."

అటు చూశాడు, ఇటు చూశాడు. బట్టల ఇనప పెట్టెలు కనిపించాయి. కారవాన్ ముందు భాగంలో, బయటనుంచి తలుపున్న సామాన్ల అర ఉంది. పెట్టెలూ ఇస్త్రీబల్లా బొగ్గుల బస్తా అందులోకి ఎక్కించారు. మళ్ళీ ఒక చుట్టు తిప్పారు. ఈసారి తోక కదల్లేదు.

"నా పెట్టెలకి పట్టిందయ్యా యోగం" అంది ఆమె. "బస్సు టాపు మీద ఎండలో మాడేవి, ఇప్పుడు హీరోయిన్ పక్కన ప్రయాణం."

సాయంత్రం లోపలంతా ఆమె చేతే శుభ్రం చేయించాడు. చెప్పులు బయట విప్పి ఎక్కింది. సోఫా దులిపింది, అద్దం తుడిచింది, బాత్రూంలో మోకాళ్ళ మీద కూర్చుని పలకల సందులు బ్రష్షుతో రుద్దింది. పని అయ్యాక నడుం పట్టేసింది. లేస్తూ లేస్తూ సోఫా అంచున కూర్చుంది.

"లే లే, నలుగుతుంది" అంటూ వచ్చాడు మొగుడు. ఆమె లేచింది. కూర్చున్నచోట అతను అరచేత్తో రెండుసార్లు సాపు చేశాడు. ఆమె అది చూసింది గాని, పని మీద భయభక్తులు గల మనిషిలే అనుకుని ఊరుకుంది.

కొండ ఎక్కడం చూడవలసిందే. చిన్న గేరులో, ఎక్కడా తొందర లేకుండా, ఇంజను ఒకే గొంతుతో మూలుగుతూ ఎక్కింది. ప్రతి మలుపులోనూ అతను బండిని బయటి అంచుకి తీసుకెళ్ళి, వెనకున్న గది మొత్తం తిరిగిందాకా అద్దంలో చూసి, అప్పుడు లోపలికి కోసేవాడు.  పైకి చేరేసరికి మేనేజరు ఎదురొచ్చి భుజం తట్టాడు. "శభాష్. ఇక దాని పూచీ నీదే. చిన్న గీత పడినా నిన్నే అడుగుతా."

డ్రైవరు ఛాతీ పొంగింది. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, తలుపు తాళం వేసి, తాళంచెవికి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు.

కొండ పైన అంతా బోడి. చెట్టు లేదు, చాటు లేదు. అక్కడక్కడా బండలు, ఒళ్ళు తోసేసే గాలి. యుద్ధంలో ఊళ్ళు వదిలి పారిపోయే జనం సన్నివేశం. జూనియర్ ఆర్టిస్టుల్ని బస్సులో తెచ్చి దింపారు. ఆడవాళ్ళందరికీ బరువైన ముతక బట్టలు తొడిగి, మొహాలకి మసి పూశారు. ఇస్త్రీ అక్క ఒక్కొక్కరికీ ముడులు బిగిస్తూ తిరుగుతోంది.

"నీళ్ళు తాగుతావా పెద్దమ్మా? పెదాలు పగిలిపోతున్నాయి" అంది, వాళ్ళలో అందరికంటే పెద్దావిడతో. ఆవిడని యూనిట్ అంతా పెద్దమ్మే అంటారు.

"నిన్న రాత్రే మానేశానమ్మా" అంది పెద్దమ్మ. "ఇలాంటి చోట తాగితే ఎక్కడికి పోతాం? మగాళ్ళకేం, బస్సు వెనక్కి పోతున్నారు."

ఇస్త్రీ అక్క కూడా పొద్దుటి నుంచి గొంతు తడుపుకోలేదు. కాని వేకువన తాగిన టీ చాలు, ఎండ ఎక్కేసరికి పొత్తికడుపు బరువెక్కింది. కాసేపటికి నొప్పి. తర్వాత సూదులు గుచ్చినట్టు మంట. నాలుగు రోజులుగా ఒంట్లో కాస్త వేడి చేసినట్టే ఉంది, పనిలో పడి పట్టించుకోలేదు. ముడి కడుతూ కడుతూ రెండు కాళ్ళూ దగ్గరికి నొక్కి నిలబడింది. ఇక కాదనుకుని మొగుడి దగ్గరికి నడిచింది. అతను కారవాన్ నీడలో నిలబడి దాని పక్కరేకు గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏమయ్యా, ఒక్కసారి తాళం తియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంటి. ఓర్చుకోలేకపోతున్నా."

అతను చుట్టూ చూశాడు. "పిచ్చా నీకు? ఇవాళ నీకు తీస్తే అదిగో వాళ్ళందరూ వస్తారు. మసీ మట్టీ. ఎవరు సమాధానం చెప్పాలి?"

"నేనే కడిగా కదయ్యా దాన్ని."

"కడిగావు కాబట్టే చెప్తున్నా. ఎంత శుభ్రంగా ఉందో నీకు తెలియదా?"

ఆ మాట అతను వెటకారానికి అనలేదు. నిజంగానే నచ్చజెబుతున్నాడు.  ఆమె అతని మెడలో తాడు వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగింది.

పెద్దమ్మ ఆమె మొహం చూసి అడగకుండానే గ్రహించింది. "పద, ఆ పెద్ద బండ వెనక్కి పోదాం. మాకూ అవసరమే." నలుగురు ఆడవాళ్ళు కలిశారు. బట్టల పెట్టెలోంచి దుప్పటి ఒకటి తీసుకుని, దూరంగా బండ వెనక చేరారు. ఇద్దరు దుప్పటి పట్టుకున్నారు. గాలికి అది చేతుల్లో నిలవడం లేదు. ముందు నువ్వు అంటే నువ్వు అనుకుని, చివరికి ఇస్త్రీ అక్కనే కూర్చోమన్నారు.

అప్పుడే మైకు మోగింది. సహాయ దర్శకుడి గొంతు. "ఆ బండ వెనక ఎవరమ్మా? దుప్పటి ఫ్రేములో కనపడుతోంది! లేవండి, లేవండి! కార్యక్రమం తర్వాత పెట్టుకోండి!"

ఆ మాటలు ఎదుటి కొండకి తగిలి మళ్ళీ వినపడ్డాయి. యూనిట్ మొత్తం ఇటు తిరిగింది. ముందు ఒకడు, తర్వాత పదిమంది, తర్వాత అందరూ నవ్వారు. దుప్పటి పట్టుకున్న పిల్ల ఆ కంగారులో ఒక చెంగు వదిలేసింది. ఇస్త్రీ అక్క బట్టలు సర్దుకుంటూ సగంలో లేచి నిలబడింది. తల తీసేసినట్టయింది. ఎటు చూడాలో తెలియక చూసిన చోట, డ్రైవర్ల గుంపు కనిపించింది. వాళ్ళ మధ్య టీ గ్లాసుతో తన మొగుడు. అతనూ నవ్వుతున్నాడు. ఎవరో ఏదో అంటే వాడి వీపు మీద చరుస్తూ మరీ నవ్వుతున్నాడు. తర్వాత అతని చూపు బండ మీదికి వచ్చి, ఆమె మీద ఆగింది. నవ్వు వెంటనే పోలేదు. కాసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె పని చేసింది. ముడులు కట్టింది, చిరిగినవి కుట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరిగి, హీరోయిన్ సన్నివేశం ఇవాళ కుదరదన్నారు. హీరోయిన్ కారులోంచి దిగకుండానే వెళ్ళిపోయింది. కారవాన్ మెట్టు మీద ఆ రోజు ఒక్క కాలూ పడలేదు. జనం సన్నివేశం మాత్రం పొద్దు వాలేవరకూ తీశారు.

సర్దుకునే వేళ డ్రైవరు కారవాన్ తోక దగ్గర వంగి ట్యాంకు బిరడా విప్పాడు. దిగుడు దారిలో అన్ని నీళ్ళు వెనకనుంచి తోస్తే బ్రేకులు కాగిపోతాయి. విప్పగానే నీళ్ళు భళ్ళున దూకాయి. బండల మీద పడి, ఎండకి మాడిన రాయిని నల్లగా తడుపుతూ, పాయలు పాయలుగా లోయ వైపు పారాయి. బస్సు ఎక్కబోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.  పెద్దమ్మ ఒక్కత్తే వంగి, పారుతున్న నీళ్ళలో చేతులు ముంచి, మొహం మీది మసి కడుక్కుంది.

పెట్టెలు అరలో పెట్టడానికి జడలల్లే అమ్మాయి సాయం పట్టింది. హీరోయిన్‌కి తల దువ్వేది ఆ అమ్మాయే.

"ఏంటక్కా, మీరంతా ఆ బండల్లోకి వెళ్ళడమేంటి? కారవాన్ ఉందిగా" అంది.

"తాళం మా చేతిలో ఉంటే కదమ్మా."

"అదేంటి? మేడం పొద్దున్నే చెప్పారే. నేనివాళ కారులోనే ఉంటా, ఆడవాళ్ళకి తీసి ఇమ్మను అని. నేనే వచ్చి మీ ఆయనకి చెప్పా. సరే సరే అన్నాడు కూడా."

ఇస్త్రీ అక్క చేతిలో పెట్టె అంచు జారి బొటనవేలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

బండి కొండ దిగడం మొదలెట్టింది. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతోంది. అతను మధ్యమధ్య బ్రేకు తొక్కి వదులుతున్నాడు.

"నువ్వని తెలీదు" అన్నాడు చివరికి.

"నేను కాకపోతే నవ్వచ్చా?"

అతను అద్దంలో వెనక్కి చూశాడు. "అందరూ నవ్వుతుంటే..."

"ఆ పిల్ల పొద్దున్నే చెప్పిందటగా, తాళం తీయమని."

అతను ఒక మలుపు మొత్తం తిప్పాడు. "చెప్పింది. చెప్పడం తేలికే. అంతమంది ఎక్కి దిగితే ఏదో ఒకటి విరుగుతుంది. అప్పుడు ఆవిడొచ్చి నిలబడుతుందా? మేనేజరు పట్టుకునేది నన్ను."

"మరి నాకైనా..."

"నీకొక్కదానికే తీస్తే పెళ్ళానికి తీశాడంటారు."

అన్నిటికీ అతని దగ్గర సమాధానం ఉంది. ఒక్కటీ అబద్ధం కాదు. మొన్న చక్రం చక్రానికీ చెవి ఆనించి విన్న మనిషే ఇతను. ఎక్కడ పట్టింది, ఎక్కడ పట్టలేదు అని వేళ్ళతో తడిమి చూసిన మనిషే. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బండి ఎగిరినప్పుడల్లా పొత్తికడుపులో కత్తి దిగుతోంది.

కొండ దిగాక రోడ్డు వెడల్పయిన చోట బండి ఆపాడు. బ్రేకుల కాగిన వాసన వస్తోంది, కాసేపు చల్లారనివ్వాలి. దిగి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఆమె కూడా దిగి అతని ముందు నిలబడింది.

"తాళం ఇవ్వు."

రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. మనసు కరిగిందో, ఆమె కళ్ళెర్రదనం చూశాడో, మెడలోంచి తాడు తీశాడు. "సరే, వెళ్ళు. త్వరగా రా. చెప్పులు విప్పి ఎక్కు."

ఆమె చెప్పులతోనే ఎక్కింది. కొండమట్టి అడుగులు తెల్లటి పలకల మీద ఒకటొకటిగా పడ్డాయి. లోపల ఎక్కువసేపే ఉంది. రాక రాక చుక్కలు చుక్కలుగా, నిప్పులు పోసినట్టు వచ్చింది. కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. ఫ్లష్ మీట నొక్కింది. అదీ అంతే. గోడ పట్టుకుని లేచి, బట్టలు సర్దుకుని, అద్దం వైపు చూడకుండా బయటికొచ్చింది. తలుపులు రెండూ తెరిచే వదిలేసింది.

అతను తలుపులోంచి తొంగి చూశాడు. పలకల మీద అడుగులు చూశాడు. అప్పుడు వెలిగింది.

"నీళ్ళు లేవుగా!"

"తెలుసు."

"మరి ఎలాగే?"

"పొద్దున్నయితే ఉన్నాయి" అంది ఆమె, తాళంచెవి అతని చేతిలో పెడుతూ.

అతను ఏదో అనబోయి, లోపలికి ఒకసారి చూసి, ముక్కు చిట్లించి, బండి ముందుకి పరిగెత్తాడు. సీటు వెనకనుంచి రేడియేటరు డబ్బా లాగాడు. నిండు డబ్బా రెండు చేతులతో మోసుకుంటూ, సగం ఒలకబోసుకుంటూ మెట్లెక్కాడు. "ఆ బ్రష్షు ఎక్కడ పెట్టావే?" అని లోపల్నుంచి అరిచాడు.

 కొండ మీదినుంచి బస్సు దిగి వస్తోంది. ఆమె రోడ్డు మధ్యకి నడిచి చెయ్యెత్తింది. బస్సు ఆగింది. పట్టుకోవడానికి కమ్మీ అందక తూలితే పెద్దమ్మ రెక్క పట్టి పైకి లాగి, పక్కన చోటిచ్చి కూర్చోబెట్టింది.

"ఒళ్ళు కాలిపోతోంది కదే! ఇక్కడ దిగావేంటి? మీ ఆయనేడీ?"

"కడుగుతున్నాడు" అంది ఇస్త్రీ అక్క.

పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. తెరిచిన తలుపులో మోకాళ్ళ మీద వంగిన మగవాడి వీపు కనిపించింది.  బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి, అతని కోసం ఆగాలా అని అడిగాడు.

"వద్దు, పోనీ" అంది ఇస్త్రీ అక్క. "దారిలో ఆసుపత్రి ఎక్కడైనా కనపడితే మాత్రం ఆపు అన్నా."